కుర్రాడు నిటారుగా నిలబడట్లేదు, గట్టు మీద నడవలేకపోతున్నాడు. అంతా ఫోన్ వల్లేనా?

మండపేట_అమ్మ
మా పెద్దాడు తొమ్మిదో తరగతి. ఏడాదిలో నన్ను దాటి వాళ్ళ నాన్నగారి చెవి దాకా ఎదిగాడు. అప్పట్నుంచీ భుజాలు ముందుకి పడిపోయాయి, మెడ ముందుకొచ్చేసింది. మంచం మీద గోడకి చేరగిలబడి, గడ్డం రొమ్ముకి ఆనించి, ఫోన్ పొట్ట మీద పెట్టుకుంటాడు. అలా మొదలెడితే అన్నానికి పిలిచేదాకా కదలడు. మొన్న మా పుట్టింటికి వెళ్ళినప్పుడు చేలోకి క్యారేజీ ఇచ్చి రమ్మంటే గట్టు మీద నాలుగడుగులు వేసి పంట బోదెలోకి జారిపోయాడు. మా అన్నయ్య కూతురు వాడికన్నా చిన్నది, చేతిలో మంచినీళ్ళ బిందెతో వాడి వెనకాలే చకచకా దాటేసింది.
ఇంట్లో రోజంతా "నిటారుగా కూర్చో" అని మావారు, "ముందా ఫోన్ లాక్కో" అని మా అత్తగారు. వాడు తలుపేసుకుంటున్నాడు. నిజంగా ఫోన్ చూస్తే ఎముకలు వంగిపోతాయా? మళ్ళీ సరవుతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి, నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

లంక_మావయ్య
ఫోన్ తీసుకెళ్ళి గోదాట్లో పారేయండమ్మా. ఇంకేం అక్కర్లేదు.

పులస_ప్రియుడు
గోదాట్లో వేస్తే పులసలు రీల్స్ చూస్తూ ఎదురీదడం మానేస్తాయి మావయ్యా. ఆ పని మాత్రం చేయకండి.

ఆత్రేయపురం_నాన్న
నవ్వే విషయం కాదండీ. తల బరువు అయిదు కిలోలు. ఫోన్ కోసం 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల బరువు పడుతుందట. అంటే బియ్యం బస్తా మెడకి కట్టుకున్నట్టే. అది చదివిన రోజే మా ఇంట్లో టాబ్ బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఫిజియో_భీమవరం
ఆత్రేయపురం నాన్నగారు చెప్పిన అంకె ఎక్కడిదో చెప్తాను. న్యూయార్క్‌లో వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో ప్రచురించిన లెక్క అది. 15 డిగ్రీలకి 12 కిలోలు, 30కి 18, 45కి 22, 60కి 27. కంప్యూటర్‌లో మెడ నమూనా కట్టి లెక్కేశారు గానీ పిల్లల్ని కూర్చోబెట్టి కొలిచింది కాదు. పైగా మెడ అంత బరువు మోయలేదని కూడా ఆ లెక్క చెప్పదు. నాట్లేసే ఆడవాళ్ళు రోజంతా నడుమూ మెడా వంచే ఉంటారు కదా, వాళ్ళ మెడ ఎముకలేం వంకర్లు పోలేదు. నొప్పులు వస్తాయి. నొప్పి రావడం వేరు, ఎముక వంగడం వేరు.
2018లో బ్రెజిల్‌లోని రియోలో 18 నుంచి 21 ఏళ్ళ వాళ్ళు 150 మందిని చూశారు. ఫోన్ చూసేటప్పుడు మెడ ఎక్కువ వంచేవాళ్ళకీ, తక్కువ వంచేవాళ్ళకీ మెడ నొప్పిలో తేడా కనిపించలేదు. ఫోన్ల వల్ల కుర్రాళ్ళ పుర్రె వెనకాల కొమ్ములు మొలుస్తున్నాయని 2019లో పేపర్లన్నీ గోల చేశాయి గుర్తుందా? ఆ పరిశోధనలో అసలు ఎవరు ఎంతసేపు ఫోన్ చూస్తారో కొలవనే లేదు. తర్వాత దానికి దిద్దుబాటు కూడా వేశారు.
అలాగని ఫోన్ మంచిదని అనట్లేదు. వంగడం కన్నా కదలకపోవడం అసలు దెబ్బ. మెడ ఎలా పెట్టినా సరే, గంటలకొద్దీ ఒకే తీరులో ఉంచితే కండరాలు పట్టేస్తాయి. మండపేట అమ్మగారి అబ్బాయి అన్నం వేళ దాకా కదలట్లేదన్నారు చూశారా, నేను పట్టించుకునేది ఆ మాట.

ఆత్రేయపురం_నాన్న
అంటే తాళం తీసేయమంటారా?

ఫిజియో_భీమవరం
తాళం మీ ఇష్టమండీ. టాబ్ బీరువాలో ఉన్నప్పుడు పిల్లాడు ఎక్కడున్నాడు? సోఫాలోనే ఉంటే లాభమేం లేదు, బయట ఉంటే బంగారం.

ఇంటర్_బైపీసీ
ఇక్కడ అందరూ పెద్దవాళ్ళే మాట్లాడుతున్నారు, నేను చెప్పొచ్చా. నేను రెసిడెన్షియల్ కాలేజీలో చదువుతున్నా, పేరు వద్దు. మా దగ్గర ఫోన్లుండవు, గేటు దగ్గరే తీసేసుకుంటారు. అయినా మా రూమ్‌లో అందరికీ మెడ నొప్పే. పొద్దున తెల్లారకముందు స్టడీ అవర్, రాత్రి పడుకునేదాకా స్టడీ అవర్. వెనక ఆనుకోడానికి లేని బెంచీలు. గ్రౌండ్ అసలు లేదు, అపార్ట్‌మెంట్‌లాంటి బిల్డింగ్. మెట్లెక్కి దిగడమే మా ఆట. సెలవులకి ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటే "అదిగో ఫోన్ వల్లే మెడ నొప్పి" అంటారు. ఏడాదంతా పుస్తకం మీద వంగినప్పుడు ఎవరికీ బాధ లేదు.

పాలకొల్లు_అక్క
తమ్ముడూ నువ్వన్నది అక్షరాలా నిజం. ర్యాంకు కోసం వంగితే కష్టపడుతున్నాడంటాం, ఆట కోసం వంగితే చెడిపోయాడంటాం. మెడకి ఆ తేడా తెలీదు.

పీఈటీ_కోనసీమ
నేను హైస్కూల్లో వ్యాయామం మాస్టారిని, అమలాపురం దగ్గర. ఏటా ఆరో తరగతిలో చేరినవాళ్ళని చూస్తుంటాను. వెనకటికీ ఇప్పటికీ తేడా ఎక్కడ తెలుస్తుందంటే గొంతుక్కూర్చోవడంలో. మడమలు లేవకుండా గొంతుక్కూర్చోమంటే సగం మంది వెనక్కి పడిపోతున్నారు, లేదంటే వేళ్ళ మీద నిలబడుతున్నారు. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకోమంటే చేతులు గాల్లో తిప్పుకుంటూ ఊగిపోతారు. బంతి మీదకొస్తే పట్టుకోవాలో తప్పుకోవాలో తేల్చుకునేలోపు రొమ్ముకి తగులుతుంది. తెలివి తక్కువై కాదు, ఒంటికి ఆ పని అలవాటు లేక.
మండపేట అమ్మగారూ, మీ అబ్బాయి బోదెలో జారిపడటానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మగపిల్లలు పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు జోరుగా ఎత్తెదుగుతారు. ఆడపిల్లలు అంతకన్నా ఓ రెండేళ్ళ ముందు. ముందు ఎముక సాగుతుంది, కండరం వెనక పడుతుంది. తొడ వెనక పట్టేస్తుంది, వంగి కాలివేళ్ళు అందుకోలేరు. కాలు ఎంత దూరం పడుతుందో పాత లెక్క ప్రకారం వేస్తారు, కొత్త కాలు ఇంకాస్త అవతల పడుతుంది. నిరుడు బాగా ఆడిన కబడ్డీ పిల్లాడు ఈ ఏడు తడబడటం నేను మామూలుగా చూసేదే. కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. కాకపోతే ఈలోపు ఆట మానకూడదు. సరిగ్గా ఆ వయసులోనే మనం చేతికి ఫోన్, వీపుకి ట్యూషన్ బ్యాగ్ ఇస్తున్నాం. అది నా బాధ.
మీ మేనకోడలు గట్టు మీద పరిగెత్తడంలో వింతేం లేదు. రోజూ నడిచే దారి.

తణుకు_గేమర్
అందరూ ఫోన్‌నే తిడుతున్నారు గానీ గేమ్స్‌కి మంచి కూడా ఉంది. యాక్షన్ గేమ్స్ ఆడేవాళ్ళకి చూపులో ఏకాగ్రత మెరుగని 2003లోనే నేచర్ పత్రికలో వచ్చింది, గ్రీన్, బావెలియర్ అని ఇద్దరు రాశారు. చెయ్యీ కన్నూ కలిసి పనిచేయడం గేమ్‌లోనే వస్తుంది.

పీఈటీ_కోనసీమ
గ్రీన్, బావెలియర్ చెప్పింది నిజమే బాబూ, కాదనను. కానీ అది చూపు సంగతి. గేమ్‌లో కదిలేవి రెండు బొటనవేళ్ళు. తెర జానెడు దూరంలో కదలకుండా ఉంటుంది. షటిల్ కాక్ అలా కాదు, దూరం మారుతూ వస్తుంది, గాలికి పక్కకి పోతుంది, దాంతోపాటు నువ్వూ వెనక్కి పరిగెత్తాలి, పాదం తిప్పాలి, పడిపోకుండా ఎగరాలి. చెవి లోపల ఉండే తూకం అవయవం, కీళ్ళ నుంచి వచ్చే కబురు, కళ్ళు, మూడూ కలిసి పనిచేస్తేనే అది కుదురుతుంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ కొట్టి గిన్నిస్‌కెక్కాడు. ఆ దెబ్బ మణికట్టులోంచి మాత్రమే రాదు. అరికాలు నేలని తన్నిన దగ్గర మొదలవుతుంది.

తణుకు_గేమర్
సాత్విక్ పేరు తెచ్చాక ఇంకేం వాదిస్తాం మాస్టారూ. కానీ నా బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి వస్తోంది. దాని సంగతి?

ఫిజియో_భీమవరం
బొటనవేలిని పిడికిట్లో ముడిచి, మణికట్టుని చిటికెనవేలి వైపు మెల్లగా వంచు. బొటనవేలి వైపు చురుక్కుమంటే అక్కడి స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు, దాని పొర వాచి ఉండొచ్చు. డీ క్వెర్వేన్ అంటారు. చంటిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకి ఎక్కువగా వస్తుంది, ఇప్పుడు బొటనవేలితో ఆడే కుర్రాళ్ళలోనూ చూస్తున్నాం. కొన్నాళ్ళు ఆ వేలికి విశ్రాంతి ఇవ్వు, తగ్గకపోతే చూపించుకో. నొప్పి ఉండగా ఆడకు.

ఉప్పలగుప్తం_రైతు
మీ పిల్లల్ని సంక్రాంతికి జగ్గన్నతోట తీసుకెళ్ళండి. కనుమ నాడు వెదురుతో కట్టిన దేవుడి ప్రభలు కౌశిక కాలవ దాటుతుంటే చూడాలి. పచ్చని చేలో, మొలలోతు నీళ్ళల్లో, అంతెత్తు ప్రభ భుజం మీద. ఒకడి అడుగు తప్పితే మొత్తం ప్రభ ఒరిగిపోతుంది. ఆ కుర్రాళ్ళలో ఎవరికీ గూని లేదు. మెడ నిలబెట్టాలంటే మొయ్యాలి, బరువు మీద పడాలి.

ఫిజియో_భీమవరం
రైతుగారూ, ఆ ప్రభలు నేనూ చూశాను, ఒళ్ళు పులకరిస్తుంది. కానీ వాళ్ళు చిన్నప్పట్నుంచీ చేలో పనిచేసినవాళ్ళు. ఏడాదంతా మంచం మీదుండి ఒక్కరోజు ప్రభ కింద భుజం పెట్టకూడదు. బరువు కొంచెం కొంచెంగా అలవాటవ్వాలి.

పాలకొల్లు_అక్క
ఆడపిల్లల సంగతి ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటాను. పన్నెండేళ్ళొచ్చేసరికి చాలామంది ఆడపిల్లలు భుజాలు ముందుకి ముడుచుకుంటారు. దానికి ఫోన్‌తో సంబంధం లేదు, సిగ్గు. ఒళ్ళు మారుతుంటే ఎవరైనా చూస్తారేమోనని పుస్తకాలు రొమ్ముకి అదుముకుని నడుస్తారు. "గూనిదానిలా నడవకు" అని మనమే అరుస్తాం. సరిపోయే లోదుస్తులు కొనిచ్చి, నెమ్మదిగా మాట్లాడితే సగం తగ్గుతుంది. మిగతా సగం ఆటతో తగ్గాలి, కానీ పెద్దమనిషైన దగ్గర్నుంచీ వీధిలో ఆట బంద్. మా అమ్మాయికి తాడాట ఎంత ఇష్టమో! మేడ మీద ఆడుకోమంటే "ఒక్కదాన్నే ఏం ఆడతానమ్మా" అంటుంది. ఇంక ఫోన్ కాక ఏం మిగిలింది దానికి?

కాకినాడ_చెల్లి
అక్కా, మా అమ్మాయికి ఒక భుజం ఎత్తుగా ఉంటే అందరూ బ్యాగ్ ఒకపక్క వేసుకోవడం వల్లన్నారు. మా పిన్ని మాత్రం ఊరుకోలేదు. నిలబెట్టి, రెండు చేతులూ కలిపి ముందుకి వంగమని, వెనకనుంచి చూసింది. కుడివైపు వీపు పలక పైకి లేచి ఉంది. ఎక్స్‌రేలో స్కోలియోసిస్ అని తేలింది, అంటే వెన్నెముక పక్కకి వంగడం. పెరిగే వయసు కాబట్టి డాక్టరుగారు బెల్ట్‌లాంటి బ్రేస్ వేశారు. ముందే చూశాం కాబట్టి ఆపరేషన్ దాకా వెళ్ళలేదు.

మండపేట_అమ్మ
అమ్మో. అది ఫోన్ వల్ల వచ్చిందా?

ఫిజియో_భీమవరం
కాదండీ. ఆ వయసులో వచ్చే స్కోలియోసిస్ చాలావరకు కారణం ఇదీ అని తేల్చలేనిది. ఫోన్ వల్లా రాదు, బ్యాగ్ వల్లా రాదు, ఆ తల్లి తప్పూ లేదు. ముదిరేది ఆడపిల్లల్లో ఎక్కువ. కాకినాడ చెల్లిగారి పిన్ని చేసిన పరీక్ష డాక్టర్లు చేసేదే, ప్రతి ఇంట్లో చేసుకోవచ్చు.
ఇప్పుడు మీ అబ్బాయి గురించి. చొక్కా తీసి పక్కకి తిరిగి నిలబడమనండి. "వీలైనంత ఎత్తుగా నిలబడు" అని ఒక్కసారే చెప్పండి. తర్వాత బోర్లా పడుకుని, చేతులు నేలకి ఆన్చి ఛాతీ పైకి ఎత్తమనండి. రెండింటిలోనూ వీపు సాపుగా అయిపోతే అది అలవాటు, ఎముక కాదు. ఎంత ఎత్తినా వీపు మధ్యలో ఉబ్బు అలాగే గట్టిగా ఉంటే ఎముకల డాక్టరుకి చూపించండి. షోయర్‌మాన్ అనే ఒక రకం ఉంది, వెన్నుపూసలు ముందువైపు సన్నబడి ఎదుగుతాయి, పదమూడు నుంచి పదహారేళ్ళ మధ్య బయటపడుతుంది. అదీ ఫోన్ తెచ్చేది కాదు. రాత్రి నిద్రలో లేపేసే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళలో తిమ్మిరి, పట్టు తప్పడం, వీటిలో ఏదున్నా మాత్రం రేపటికి వాయిదా వేయకండి. మంచి వయసులో తరచూ పడిపోవడం రోజురోజుకీ ఎక్కువవుతుంటే అది కూడా డాక్టరు చూడాల్సిందే.
ఇంకోటి. కళ్ళు పరీక్ష చేయించారా? దూరం కనపడని పిల్లలు తమకి తెలీకుండానే పుస్తకం మీదకి, ఫోన్ మీదకి వంగుతారు. అద్దాలు పెట్టాక మెడ లేచిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ఆత్రేయపురం_నాన్న
కళ్ళ మాట వచ్చింది కాబట్టి, ఆరుబయట ఉంటే చూపు తగ్గదంటారు, నిజమేనా?

ఫిజియో_భీమవరం
చైనాలో గ్వాంగ్‌జౌ స్కూళ్ళలో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్ళకి ఆ స్కూళ్ళలో కొత్తగా దూరపు చూపు తగ్గినవాళ్ళు 30 శాతం, మామూలు స్కూళ్ళలో 39 శాతం పైన. 2015లో వచ్చింది. పూర్తిగా ఆగదు, తగ్గుతుంది.

రాజోలు_బావ
ఆన్‌లైన్‌లో గూని బెల్ట్ అమ్ముతున్నారు, భుజాలు వెనక్కి లాగి పట్టుకుంటుంది. తెప్పించనా మా వాడికి?

ఫిజియో_భీమవరం
వద్దు. బెల్ట్ లాగుతుంటే కండరానికి పనుండదు. తీసిన మర్నాడే మళ్ళీ పాత భుజాలు. కాకినాడ చెల్లిగారి అమ్మాయికి డాక్టరు వేసింది వేరు, అది కొలత తీసుకుని చేసేది. ఆ డబ్బుతో ఒక ఇనప కడ్డీ గుమ్మానికి బిగించండి, వచ్చీపోయేటప్పుడు వేలాడతాడు.

లంక_మావయ్య
కడ్డీ ఎందుకు, మా మావిడి కొమ్మ ఉంది. ఈత నేర్పించండి అసలు. మేమంతా కాలవలో నేర్చుకున్నవాళ్ళమే. వెల్లకిలా ఈదితే వీపు కర్రలా నిలబడుతుంది.

కాకినాడ_చెల్లి
మావయ్యగారూ, కాలవ అంటే నాకు భయం. ఏటా ఎండాకాలం ఎక్కడో ఒక చోట పిల్లలు మునిగిపోయారని వింటూనే ఉన్నాం. తూముల దగ్గర లోతు పైకి కనపడదు. ఈత మంచిదే, కానీ పక్కన ఈతొచ్చిన పెద్దవాళ్ళు లేకుండా ఎవర్నీ దింపకండి.

లంక_మావయ్య
అది ఒప్పుకుంటానమ్మా. మా నాన్న తాడు కట్టి, ఒడ్డునే నిలబడి నేర్పారు. ఒంటరిగా పంపమని నేననను.

పీఈటీ_కోనసీమ
కొలత అడిగేవాళ్ళ కోసం. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి సగటున రోజుకి 60 నిమిషాలు కొంచెమైనా ఒగర్చేంత కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో మూడు రోజులైనా ఎముకా కండరం గట్టిపడే పని, అంటే ఎగరడం, ఎక్కడం, లాగడం. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 81 శాతం మందికి అది అందట్లేదు. తెర ఎన్ని గంటలు చూడొచ్చో ఆ వయసుకి వాళ్ళు అంకె ఇవ్వలేదు, తగ్గించమని మాత్రమే అన్నారు. అందుకే నేను తల్లిదండ్రులతో "ఫోన్ ఎంతసేపు చూశాడు" అని గొడవపడొద్దంటాను. "ఇవాళ చెమట పట్టిందా" అని అడగండి.
బ్యాగ్ మాటకొస్తే, 2020 స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం పిల్లాడి బరువులో పదో వంతు మించకూడదు. మా గేటు దగ్గర ఎత్తి చూస్తే చాలా బ్యాగులు నా చేతినే లాగేస్తాయి. ఇంటర్ తమ్ముడూ, మీ దగ్గర గ్రౌండ్ లేకపోయినా ఒక పని చెయ్యి. ప్రతి పీరియడ్‌కీ లేచి, గోడకి మడమలూ పిర్రలూ వీపూ ఆన్చి, గడ్డాన్ని లోపలికి లాక్కుని తల వెనక భాగం గోడకి తగిలించు. పది లెక్కపెట్టు. మెట్లు రెండేసి ఎక్కు.

ఇంటర్_బైపీసీ
థాంక్స్ సర్. మెట్లు రెండేసి ఎక్కితే వార్డెన్ అరుస్తాడు, గోడ దగ్గర నిలబడితే పనిష్‌మెంట్ అనుకుంటాడు. అయినా చేస్తాను.

మండపేట_అమ్మ
అందరికీ చాలా థాంక్సండీ. బోర్లా పడుకోబెట్టి చూశాను, ఛాతీ ఎత్తితే వీపు సాపుగానే అవుతోంది, గుండెల మీంచి బరువు దిగింది. గొంతుక్కూర్చోమంటే మాత్రం మాస్టారు చెప్పినట్టే వెనక్కి పడ్డాడు, వాడికే నవ్వొచ్చింది. "నిటారుగా కూర్చో" అనడం మానేయమని మావారికి చెప్పాను. కళ్ళకి శనివారం రాజమండ్రి తీసుకెళ్తున్నాం. మా వాడికి క్రికెట్ అంటే ఇష్టం లేదు, గుంపులో ఆడమంటే సిగ్గు. వాడికి ఏం ఆట పెట్టాలి?

పీఈటీ_కోనసీమ
పోల్చి చూసేవాళ్ళు లేని ఆటతో మొదలెట్టండి. సైకిలు, తాడాట, మీతో కలిసి షటిల్. తడబడే వయసులో పదిమంది ముందు తడబడమంటే ఏ పిల్లాడూ రాడు. మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి, చిన్న బుడిపె వస్తే కంగారు పడకండి, ఎత్తెదిగే పిల్లలు ఎగిరే ఆటలాడితే వస్తుంటుంది. కొన్నాళ్ళు ఎగరడం తగ్గించి ఫిజియోగారికి చూపించండి.

పాలకొల్లు_అక్క
మాస్టారూ, షటిల్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా వీధిలో నలుగురు ఆడపిల్లల తల్లులం మాట్లాడుకున్నాం. మా పక్కింటి వాళ్ళ కళ్ళం ఖాళీగానే ఉంది, సాయంత్రం వంతులేసుకుని మాలో ఒకరం అక్కడ కూర్చుంటాం. నెట్ కట్టుకుంటాం. రాకెట్లు, కాక్‌లు ఎలాంటివి కొనాలి?

పీఈటీ_కోనసీమ
మొదట్లో నైలాన్ కాక్ చాలమ్మా, ఈకల కాక్ రెండాటలకే పోతుంది. రాకెట్ తేలికది తీసుకోండి, పిడి పిల్ల పిడికిట్లో ఇమడాలి. మన వైపు సాయంత్రం సముద్రపు గాలి ఎక్కువ, వీలైతే పొద్దున్నే ఆడించండి. కళ్ళంలో గడ్డి మోళ్ళు, రాళ్ళు ముందే ఏరించండి. బూట్లు వేసుకోమనండి, చెప్పులతో వద్దు.

పాలకొల్లు_అక్క
పొద్దున్న ట్యూషన్ ఉంది మాస్టారూ. ఆ టైమ్ మార్పించడానికి రేపు నలుగురం కలిసి వెళ్తున్నాం.